నువ్వు పరిగెత్తితే నేనెందుకియ్యాల?

మా చిత్తూరు వైపు పెరటాసి నెల వచ్చిందంటే శనివారం పొద్దున వీధుల్లో గోవింద నామం వినబడుతుంది. నుదుట తిరునామం, భుజాన తుండు, చేతిలో పసుపు పూసి నామం దిద్దిన ఇత్తడి చెంబు. గడప ముందు నిలబడి "గోవిందా, గోవింద!" అని ఒక్క కేక. ఇల్లాలు దోసిట్లో బియ్యం తెచ్చి చెంబులో పోస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ చేత పోయిస్తుంది. అట్లా ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన బియ్యంతో పొంగలి వండి, అరిటాకు పరిచి స్వామికి తళిగ వేస్తారు.

ఆ చెంబు పట్టేవాళ్ళందరూ లేనివాళ్ళు కారు. ఇంటి నిండా వడ్ల మూటలున్న ఆసామీ పడతాడు, నెలజీతం తీసుకునే ఉద్యోగీ పడతాడు. సొంత బియ్యంతో తళిగ వేయడం ఎంతసేపు? కానీ మొక్కు తీరాలంటే అడిగి తేవాలి. నిన్నటిదాకా తన గుమ్మం ముందుకు వచ్చి అడిగినవాడి గుమ్మం ముందుకు ఈరోజు తానే పోయి నిలబడాలి. ఈ ఆచారం పెట్టిన పెద్దలెవరో గానీ దానం గురించి చాలా లోతుగా ఆలోచించినవాళ్ళు. ఇచ్చేవాడికి పుణ్యమని అందరూ చెప్తారు. అడిగేవాడిదీ ఒక సాధనేననీ, అది ఇవ్వడం కన్నా కష్టమైనదనీ మా పల్లెలకు ఎప్పటి నుంచో తెలుసు.

నన్నీ ఆలోచనలోకి నెట్టింది మా చెల్లెలి కూతురు. ఆ అమ్మాయిది బెంగుళూరులో ఉద్యోగం. అక్కడ 2008 నుంచి జరుగుతున్న పెద్ద పది కిలోమీటర్ల పరుగులో పేరు నమోదు చేసుకుంది. పుట్టుకతోనే గుండె జబ్బున్న పిల్లల కోసం పనిచేసే సంస్థనొకదాన్ని ఎంచుకుని, వాళ్ళకు ఇంత మొత్తం పోగుచేసి ఇస్తానని మాటిచ్చింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అందరికీ నమస్కారం పెట్టి, "నేను ఈ పిల్లల కోసం పరిగెత్తబోతున్నాను, మీకు తోచినంత ఇవ్వండి" అని రాసింది. చాలాసేపు ఎవరూ పలకలేదు. ఆఖరికి పలమనేరులో ఉండే మా పెద్దన్న గొంతు వినిపించింది.

"ఏమ్మా, నువ్వు పరిగెత్తితే మేమెందుకు దుడ్డియ్యాల? ఆ పిల్లోళ్ళకు కావాలంటే నేరుగా ఆస్పత్రికే పంపిస్తాం గదా. నడాన నీ పరుగెందుకు?"

"పెద్దమామా, నేను అడగకుంటే నువ్వు ఆస్పత్రికి పంపించి ఉందువా?" అని ఆ అమ్మాయి మర్యాదగానే అడిగింది.

మా అన్న ఇచ్చే మనిషే. ఎగతాళికి అడగలేదు, అర్థంగాక అడిగాడు. అందుకే ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. ఇవాళ ప్రపంచంలో పెద్ద ఆటల పండుగ ఎక్కడ జరిగినా దాని చుట్టూ ఇట్లా అడిగేవాళ్ళు బయల్దేరుతున్నారు. 1981 మార్చి 29న మొదలైన లండన్ మారథాన్ 2019 నాటికి ధర్మకార్యాల కోసం వంద కోట్ల పౌండ్లు దాటించింది. పరుగులో కొన్ని స్థానాలు సేవాసంస్థలకు ఉంటాయి. ఇంత మొత్తం సేకరిస్తామని ఒప్పుకున్నవాళ్ళకు ఆ సంస్థలు వాటిని ఇస్తాయి. మన దేశంలో 2004లో మొదలైన ముంబయి మారథాన్ కూడా ఇదే దారిలో వందల కోట్ల రూపాయలు పోగుచేసింది. జలంధర్ దగ్గర పల్లెలో పుట్టిన ఫౌజాసింగ్ 89 ఏళ్ళ వయసులో, 2000లో, లండన్‌లో తన మొదటి మారథాన్ పరిగెత్తాడు. ఎవరి కోసం? నెలలు నిండకుండా పుట్టిన శిశువుల కోసం. అందరిలోకీ పెద్దవాడు అందరిలోకీ చిన్నవాళ్ళ కోసం పరిగెత్తాడన్నమాట.

వీటన్నింటికీ మూలపురుషుడని చెప్పదగ్గవాడు కెనడా కుర్రవాడు టెర్రీ ఫాక్స్. 1977లో ఎముక క్యాన్సర్ వచ్చి కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. అప్పటికతనికి 18 ఏళ్ళు. ఆస్పత్రిలో తనతోపాటు పడి ఉన్న చిన్నపిల్లల బాధ చూసి, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు కావాలని, అందుకోసం కెనడాను ఈ తీరం నుంచి ఆ తీరం దాకా పరిగెత్తి దాటుతానని బయల్దేరాడు. 1980 ఏప్రిల్ 12న తూర్పున అట్లాంటిక్ ఒడ్డున మొదలుపెట్టాడు. కొయ్యకాలి లాంటి ఆ కాలంనాటి కృత్రిమ కాలితో, రోజుకు దాదాపు ఒక మారథాన్ దూరం. మొదట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పోనుపోను ఊళ్ళకు ఊళ్ళు రోడ్డు పక్కన నిలబడ్డాయి. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. సెప్టెంబర్ 1న థండర్ బే అనే ఊరి దగ్గర ఆగిపోయాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. మరుసటి ఏడు జూన్‌లో, 23 నిండక ముందే కన్నుమూశాడు.

అతను అడిగింది మనిషికి ఒక్క డాలరు. దేశ జనాభా అప్పుడు రెండు కోట్ల నలభై లక్షలు. 1981 ఫిబ్రవరి నాటికి సరిగ్గా అంత మొత్తమూ వచ్చింది. తన పరుగు మీద ఏ కంపెనీ వ్యాపారం చేసుకోవడానికీ అతను ఒప్పుకోలేదు. ఇప్పటికీ అతని పేరున ఏటా జరిగే పరుగుకు ప్రవేశ రుసుము లేదు, ఇంత తేవాలన్న నిబంధన లేదు.

ఆ కుర్రవాడిని ఎవరైనా "నువ్వు పరిగెత్తడమెందుకు, మేమే నేరుగా ఇస్తాం కదా" అని అడిగి ఉంటే? ఇచ్చేవాళ్ళే అయితే అతను బయల్దేరక ముందే ఇచ్చి ఉండేవాళ్ళు. క్యాన్సర్ అంతకు ముందూ ఉంది, ఆస్పత్రులూ ఉన్నాయి. జనం చేతిని జేబులోకి పంపింది ఒంటికాలి మనిషి రోడ్డు మీద పడుతున్న కష్టం. మా అన్నకు నా జవాబులో మొదటి భాగం ఇదే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఊరికే అడిగితే పక్కింటివాడు పెట్టడు. అడిగేవాడు ముందు తన ఒళ్ళు వంచాలి. తను కొంత భరించి చూపినప్పుడే, మిగతాది మీరు భరించండి అనే హక్కు వస్తుంది.

తిరుపతి మనిషికి ఇది కొత్తగా చెప్పాల్సిన మాట కాదు. అలిపిరి పాదాల మండపం దగ్గర ఏ తెల్లవారుజామున నిలబడినా తెలుస్తుంది. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. బస్సులున్నాయి, జీపులున్నాయి. అయినా జనం నడుస్తారు. మెట్టుమెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్ళున్నారు. నడుము ఎంత లాగినా ఒక మెట్టు వదలరు. పైన మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళున్నారు. దక్షిణ మాత్రమే వేయాలంటే ఇంటి నుంచే వేయొచ్చు. కానీ ఒళ్ళు అలవకుండా వేసిన దక్షిణ మనసుకు ఆనదు. ముడుపు ఒక చేత్తో, ఒంటి కష్టం ఒక చేత్తో పట్టుకుపోయి స్వామి ముందు పెడితేనే మొక్కు తీరినట్టు.

అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాచకూడదు. మన మొక్కుల్లో ఎక్కువ భాగం మన ఇంటి కోసం. నా బిడ్డకు జ్వరం తగ్గాలి, నా కొడుక్కు ఉద్యోగం రావాలి, నా కూతురికి సంబంధం కుదరాలి. ఇందులో తప్పేమీ లేదు, కష్టంలో ఉన్నవాడు ఇంకేం కోరుకుంటాడు? మా మేనకోడలు చేసింది ఆ మొక్కునే ఇంకో వైపు తిప్పడం. ఒళ్ళు వంచడం అదే, మాటివ్వడం అదే, ఇల్లిల్లూ అడగడం అదే. కోరిక మాత్రం తాను ముఖమైనా చూడని ఎవరి బిడ్డ కోసమో. పరుగుపందేల చుట్టూ జరిగే ఈ సేకరణను పడమటి దేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్ అని మనవాళ్ళు కొందరు కొట్టిపారేస్తుంటారు. నేను ఒప్పుకోను. దీనికి కావాల్సిన సరుకంతా తిరుపతిలో ఎప్పటి నుంచో ఉంది.

వేషాల సంగతి కూడా చెప్పాలి. లండన్ పరుగులో చిత్రవిచిత్ర వేషాలు వేసుకుని పరిగెత్తేవాళ్ళను టీవీలో చూసి మనం ముక్కున వేలేసుకుంటాం. మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మాత్రం? బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. మీసాలున్న మగవాడు చీర కట్టి, పూలు పెట్టి, బజారు మధ్యలో నడుస్తాడు. వేషంలో ఉన్నప్పుడు మామూలు రోజున ఉండే బిడియం ఉండదు. అంగడి ముందు నిలబడి చేయి చాస్తాడు, అంగడాయన కాదనడు. అడుగుతున్నది ఫలానా వాళ్ళబ్బాయి కాదు, మొక్కు అడుగుతోంది. చదువుకున్న మనకు ఇవాళ అన్నీ చేతనవును గానీ, ఇంకొకరి కోసం చేయి చాచడం చేతకాదు. సిగ్గు అడ్డొస్తుంది. ఆ సిగ్గును దాటించడానికి ఒకరికి వేషం, ఒకరికి చెంబు, ఒకరికి గుండెమీద అంటించుకున్న పరుగు నంబరు.

ఇంకొకరి కోసం ఇట్లా ఒళ్ళు వంచి అడగడానికి మన రాయలసీమలోనే ఒక ఉదాహరణ ఉంది. అనంతపురంలో 1969 నుంచి విన్సెంట్ ఫెర్రర్ దంపతులు నడిపిన సంస్థ, మనం ఆర్‌డీటీ అంటాం, ఎన్ని పల్లెల్లో ఇళ్ళు, బళ్ళు, ఆస్పత్రులు కట్టిందో సీమవాసులకు చెప్పనక్కర్లేదు. ఆ సంస్థకు ఊపిరి పోసింది స్పెయిన్‌లో మామూలు సంసారులు నెలనెలా పంపిన చిన్న మొత్తాలు. టెన్నిస్ వీరుడు రఫేల్ నాదల్ 2010లో వచ్చి అనంతపురం క్రీడాగ్రామంలో పేదపిల్లల కోసం టెన్నిస్ బడి తెరిచాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు స్పెయిన్ నుంచి పరుగువాళ్ళు వచ్చి, ఇక్కడి యువకులతో కలిసి, అనంతపురం పల్లెల గుండా 170 కిలోమీటర్ల దూరం వంతులవారీగా పరిగెత్తారు. పేదల ఇళ్ళకు డబ్బు పోగుచేయడం కోసం. పగలు ఎండ, రాత్రి చీకటి. వేరుశనగ చేల మధ్య రోడ్ల మీద తెల్లతోలు మనుషులు చెమటలు కక్కుతూ పోతుంటే పల్లెజనం దారి పొడుగునా నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ పరుగుకు బార్సిలోనాలోనో మాడ్రిడ్‌లోనో కూర్చున్నవాళ్ళు డబ్బిచ్చారు. మన సీమ పల్లెలో గోడ లేవడానికి.

ఆటను చూపించి డబ్బు తేవడం ఇంకొక పద్ధతి. 2004 డిసెంబర్‌లో సునామీ మన నెల్లూరు, ప్రకాశం తీరాలను కూడా కొట్టింది. మరుసటి నెల 10వ తేదీన మెల్‌బోర్న్ మైదానంలో గంగూలీ నాయకత్వంలోని ఆసియా జట్టు, పాంటింగ్ నాయకత్వంలోని ప్రపంచ జట్టు క్రికెట్ ఆడాయి. 70 వేల మంది చూశారు. కోటీ నలభై లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా సునామీ బాధితులకు వచ్చాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేశాక, నవంబర్ 30న తెలుగు సినిమా వాళ్ళు 'మేము సైతం' అంటూ రోజంతా కార్యక్రమం చేశారు. అందులో తారలు జట్లు కట్టి క్రికెట్ ఆడారు. 11 కోట్ల రూపాయలకు పైగా పోగైంది. మంచి పనులు, ఎవరూ కాదనరు. కానీ టికెట్ కొన్నవాడికి ఆటతో రుణం తీరిపోతుంది. వాడు ఆట కొన్నాడు, దానం పక్కన కలిసొచ్చింది. గడపకొచ్చి అడగడం అట్లా కాదు. 1952లో రాయలసీమ కరువు కాలంలో ఎన్.టి. రామారావు ఊరూరా తిరిగి విరాళాలడిగారు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత అక్కినేనితో కలిసి మళ్ళీ జోలె పట్టారు. ఆ తారలు తమ గడప ముందుకొచ్చి చేయి చాచారని పాతతరం వాళ్ళు నిన్నమొన్నటి దాకా చెప్పుకున్నారు. అడిగిన మాట అన్నేళ్ళు నిలుస్తుంది.

ఇంకా ఈమధ్యది మూడో పద్ధతి. 2023 ఐపీఎల్ ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో పరుగు రాని ప్రతి బంతికీ 500 మొక్కలు నాటుతామని క్రికెట్ బోర్డు ప్రకటించింది. తెర మీద స్కోరు పక్కన చెట్టు బొమ్మ కనిపించేది. మొక్కలు మంచివే. కానీ కోట్లమంది చూస్తున్న ఆటలో ఒక్క ప్రేక్షకుణ్నీ ఏమీ అడగలేదు. ఒక్కరూ తన ఇంటి ముందు ఒక మొక్క నాటాల్సిన పని పడలేదు. కళ్ళప్పగించి చూసిన దానంలో మనకు వాటా లేదు. ఈ మూడింటిలో నన్నడిగితే మా మేనకోడలి పద్ధతికే ఓటేస్తాను. దాంట్లో వచ్చే సొమ్ము తక్కువే కావచ్చు. కానీ పది గడపలు కదులుతాయి.

సొమ్ము తక్కువైతే దేనికి పనికొస్తుందని ఎవరైనా అనొచ్చు. తిరుపతి నుంచే చెప్తాను. 2021 అక్టోబర్ 11న ఇక్కడ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం మొదలైంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద పేదపిల్లలకు గుండె ఆపరేషన్లు డబ్బు తీసుకోకుండా చేస్తున్నారు. అంతకు ముందు చెన్నైకో బెంగుళూరుకో హైదరాబాదుకో పరిగెత్తాల్సిన తల్లిదండ్రులకు అది ఎంత ఆసరా! అయితే ఆపరేషన్‌కు ఖర్చు లేదన్నంత మాత్రాన జబ్బుకు ఖర్చు లేదని కాదు. కుప్పం నుంచో మదనపల్లె నుంచో బిడ్డనెత్తుకుని వచ్చిన తల్లికి బస్సు చార్జీలు కావాలి. తోడు వచ్చినవాళ్ళకు తిండి, పడక కావాలి. అన్ని రోజులూ కూలి పోతుంది. ఇంటి దగ్గర ఇంకో బిడ్డ ఉంటుంది, ఆవు ఉంటుంది. మళ్ళీ మళ్ళీ పరీక్షలకు రావాలి. ఈ ఖర్చులు ఏ పథకంలోనూ పూర్తిగా ఇమడవు. నాలుగైదు వేల రూపాయలు చేతిలో లేక పరీక్షకు రావడం వాయిదా వేసుకునే కుటుంబాలుంటాయి. అంత చిన్న మొత్తానికి పెద్ద సంస్థ అక్కర్లేదు, అడిగే మనిషి ఒకడు చాలు.

అడిగి తెచ్చి పెట్టడంలో ఈ నేలకు పెద్ద వారసత్వమే ఉంది. 18వ శతాబ్దంలో తరిగొండ నుంచి కొండకు చేరిన వెంగమాంబ యాత్రికుల ఆకలి, దాహం చూసి అన్నానికీ నీళ్ళకూ ఏర్పాటు చేసింది. అందుకు దాతలిచ్చింది స్వీకరించింది. 1985లో కొండ మీద మొదలైన నిత్యాన్నదానం ఇవాళ ఆమె పేరున్న భవనంలో సాగుతోంది. అక్కడ పంక్తిలో కూర్చుని తినే సాంబారన్నంలో ఎవరెవరో ఇచ్చిన సొమ్ముంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. అడిగినవాడు లెక్క చెప్పాలి. కొండ మీద హుండీ సొమ్ము లెక్కపెట్టే పరకామణిలో కూర్చునేవాళ్ళు జేబుల్లేని పంచె కట్టుకుని కూర్చోవాలి. దేవుడి సొమ్ముకే అంత కట్టుదిట్టం కావాల్సి వచ్చినప్పుడు, ధర్మం పేరుతో మనం పోగుచేసే సొమ్ముకు ఎంత కావాలి? టీషర్టులు, పతకాలు, వేదిక, ముఖ్యఅతిథి శాలువా, ఊరంతా ఫ్లెక్సీలు. ఇవన్నీ పోను బీదవాడికి చేరింది ఎంత అని అడిగితే జవాబుండని పరుగులు చాలా జరుగుతున్నాయి. ఒక రోగం మీద అవగాహన కోసమని పొద్దున్నే జెండా ఊపి, ఫొటోలు దిగి, టిఫిన్ చేసి ఇళ్ళకు పోవడమే వాటిలో జరిగేది. అవగాహన ఎవరికి పెరిగిందో నాకెప్పుడూ తెలియలేదు. లెక్క చెప్పని సేకరణ తర్వాత వచ్చే నిజాయితీపరుడి చెంబును కూడా ఖాళీ చేస్తుంది. టెర్రీ ఫాక్స్ తన చొక్కా మీద కంపెనీ పేరుకు చోటివ్వకపోవడం నాకు అందుకే అంత గొప్పగా కనిపిస్తుంది.

మా అన్న చివరికి డబ్బు పంపాడు. పంపి, "ఆ దుడ్డు ఏ బిడ్డకు పోయిందో నాకు చెప్పాల" అని షరతు పెట్టాడు. మంచి షరతు. బిడ్డ పేరు బయటపెట్టరని, ఎంతమందికి ఎంత ఖర్చయిందో మాత్రం సంస్థ లెక్క ఇస్తుందని మేనకోడలు చెప్పింది. ఆ లెక్క వచ్చిన రోజున గ్రూపులో పెట్టింది కూడా.

ఇదంతా రాయడానికి నాకో స్వార్థముంది. సంక్రాంతి వస్తే మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో క్రికెట్ టోర్నమెంట్ లేని మండలం, వాలీబాల్ నెట్టు కట్టని పల్లె ఉండవు. బెంగుళూరు, చెన్నైల నుంచి కుర్రాళ్ళంతా ఊరికి చేరతారు. జట్టుకింత అని ఎంట్రీ ఫీజు. మొదటి బహుమతి ఫలానా వారి జ్ఞాపకార్థం, రెండో బహుమతి ఫలానా దాత. మైకులో రోజంతా పేర్లు చదువుతారు. ఫైనల్ నాడు ఊరు ఊరంతా గట్టు మీద కూర్చుంటుంది. మా తిరుపతి జిల్లా ఎర్రావారిపాళెం మండలంలోని పల్లె నుంచి బయల్దేరిన రజని ఎతిమరపు భారత మహిళల హాకీ జట్టు రిజర్వ్ గోల్‌కీపర్‌గా రియో, టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. ఇట్లాంటి పల్లె మైదానాల చుట్టుపక్కలే, ఆడే సత్తా ఉండి బూట్లు కొనలేని పిల్లలున్నారు, ఆపరేషన్ అయ్యి పరీక్షకు పోలేని పిల్లలూ ఉన్నారు. వాళ్ళెవరో టోర్నమెంట్ నడిపే కుర్రాళ్ళకు బాగా తెలుసు.

కాబట్టి తమ్ముళ్ళారా, వచ్చే సంక్రాంతికి ఒక పని చేయండి. టోర్నమెంట్ మొదలయ్యే రోజే మీ ఊరి ఒక బిడ్డ అవసరాన్ని, పేరు చెప్పకుండా, ఇంత మొత్తం కావాలని మైకులో చెప్పండి. ప్రతి జట్టూ తాము కొట్టే ప్రతి సిక్సర్‌కూ ఇంత ఇవ్వడానికి ఒక దాతను వెతుక్కుని రావాలని నియమం పెట్టండి. గెలిచిన జట్టు కప్పు తీసుకునే ముందు ఊరంతా ఒక చుట్టు తిరిగి, గడపగడపకూ అడగాలని పెట్టండి. ఫ్లెక్సీ ఒకటి తగ్గించండి. చివరి రోజు బహుమతులివ్వక ముందే వచ్చిందెంత, ఇచ్చిందెంత అని లెక్క మైకులో చదవండి. అడగడానికి సిగ్గుపడకండి. మీ అమ్మానాన్నలు పెరటాసి శనివారం చెంబు పట్టుకుని తిరిగిన వీధులే అవి.